సెల్‌ఫోనులో 'సెల్' ఎక్కడుంది?

సందేహం: టార్చిలైటులో వేసేవాటిని మేము సెల్లులంటాం. సెల్‌ఫోనుకి ఆ పేరు అందులోని బ్యాటరీని బట్టే వచ్చిందని నేనంటాను, కాదని మా అబ్బాయి అంటాడు. ఎవరిది నిజం? అసలు 'చరవాణి' అనడమే సరైనదా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ అబ్బాయి మాటే నిజమమ్మా. అలాగని మీ ఊహ మరీ తీసిపారేసేదేమీ కాదు. టార్చిలైటు సెల్లు, జైలు సెల్లు, జీవశాస్త్రంలో సెల్లు, ఫోను సెల్లు – అన్నీ చిన్న గది అనే అర్థమున్న లాటిన్ 'సెల్లా' నుంచి పుట్టినవే. ఫోను విషయంలో మాత్రం ఆ గది ఫోనులో లేదు, నేల మీద ఉంది.

ఊరంతటికీ ఒకే పెద్ద టవరు పెడితే, ఉన్న కొద్దిపాటి ఫ్రీక్వెన్సీలు కొద్దిమందికే సరిపోతాయి. అందుకని నేలను తేనెపట్టులా అరలు అరలుగా విడగొట్టి, ఒక అరలో వాడిన ఫ్రీక్వెన్సీనే పక్క అర వదిలేసి కాస్త దూరపు అరలో మళ్లీ వాడుకోవచ్చని 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లు ఆలోచన చేశారు. ఆ అరే సెల్.

మీరు బస్సులో విజయవాడ నుంచి గుంటూరు వెళ్తూ మాట్లాడుతుంటే, మీ కాల్ ఒక అర నుంచి ఇంకో అరకు చేతులు మారుతూ పోతుంది. మాట్లాడకపోయినా ఫోను ఊరుకోదు, తానే ప్రాంతంలో ఉందో నెట్‌వర్కుకు అప్పుడప్పుడు చెప్పుకుంటూనే ఉంటుంది. మీకెవరైనా ఫోను చేస్తే ఆ ప్రాంతపు టవర్లు దాన్ని పేరు పెట్టి పిలిచినట్టు పిలుస్తాయి. అది పలికితేనే రింగు. పక్క గదిలో ఉన్న అబ్బాయికి చేసినా మాట టవరుదాకా వెళ్లి రావలసిందే.

బడిలో సెల్‌ను 'కణం' అని చదువుకున్నాం కదా అని 'కణఫోను' అనలేం. కణమంటే నలుసు, గది అనే అర్థం దానికి లేదు. 'అర' అచ్చంగా సరిపోయే తెలుగు మాటే కానీ, 'అరఫోను' అంటే సగం ఫోననుకుంటారు!

ఇక చరవాణి. 'చర' అంటే కదిలేది. సమాసంలో దోషమేమీ లేదు, పత్రికల్లోనూ కనిపిస్తుంది. కాకపోతే అది 'మొబైల్'కి సాటి, 'సెల్'కి కాదు. రాతలో వాడితే కాదనను. ఇంట్లో "చరవాణికి ఛార్జింగు పెట్టు" అనడం మాత్రం నా వల్ల కాదు.

సెల్లు, ఫోను అనుకోండి, చాలు. టార్చికీ ఫోనుకీ ఒకే మాటైనా మనవాళ్లు తికమకపడరు. "సెల్లులు మార్చు" అంటే టార్చిలైటు, "సెల్లు మోగుతోంది" అంటే ఫోను.