రెక్టమ్‌లో క్యాన్సర్ అని తేలింది: ముందు ఆపరేషనా, కరెంటా?

మీ నాన్నగారికి ఏడాదిగా మోషన్‌లో రక్తం పడుతోంది, మొలలని మందులు వాడారు, ఇప్పుడు ముక్క పరీక్షలో (బయాప్సీ) రెక్టమ్‌లో, అంటే పెద్దపేగు చివర మలద్వారానికి పైనున్న భాగంలో, క్యాన్సర్ అని వచ్చింది. ఒక సర్జన్ వచ్చే వారమే ఆపరేషన్ అంటున్నారు, ఇంకో డాక్టరు ముందు కరెంటు (రేడియేషన్) పెట్టాలంటున్నారు, ఎవరి మాట వినాలని అడిగారు. ముందు ఇద్దరినీ ఒకటే అడగండి: పెల్విస్ (కటి భాగం) ఎమ్మారై చూశారా? చూడకుండా ఇచ్చిన ఆపరేషన్ తేదీకి ఒప్పుకోకండి. స్కానింగ్‌కి ఒకటి రెండు వారాలు పడితే కొంప మునగదు. మోషన్, గ్యాస్ పూర్తిగా ఆగిపోయి, పొట్ట ఉబ్బి, వాంతులవుతుంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు కూడా సాధారణంగా గడ్డ జోలికి పోకుండా, పేగును పొట్ట మీదికి తెచ్చి, మలం పడేలా సంచి పెట్టి దారి చేస్తారు.

ఎమ్మారై కోసం ఇంత పట్టు ఎందుకంటే, రెక్టమ్ చుట్టూ కొవ్వు ఉంటుంది, ఆ కొవ్వును ఒక పల్చటి పొర పొట్లంలా చుట్టి ఉంచుతుంది. ఆపరేషన్‌లో ఆ పొర చిరగకుండా మొత్తాన్నీ కలిపి తీయాలి. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో ఈ పద్ధతిని వివరించారు, ఇప్పుడు ప్రపంచమంతా అదే ప్రమాణం. గడ్డ ఆ పొరకు 1 మిల్లీమీటరు దూరంలోకి వచ్చేస్తే, ఎంత చెయ్యి తిరిగిన సర్జన్ కోసినా కణాలు మిగిలిపోయే ప్రమాదం ఎక్కువ. కటి భాగంలో మళ్లీ వచ్చిన గడ్డ నరాలను నొక్కుతుంది, దాన్ని రెండోసారి తీయడం చాలా కష్టం. ఆ దూరాన్ని ఆపరేషన్‌కి ముందే బాగా చూపించేది ఎమ్మారై.

అదీ రెక్టమ్ కోసం ప్రత్యేకంగా తీసిందై ఉండాలి. స్లైసులు 3 మిల్లీమీటర్లకు మించకూడదు, గడ్డ ఉన్నచోట పేగుకి సరిగ్గా అడ్డంగా కోణం పెట్టి తీయాలి. కోణం వాలితే గడ్డ అంచు మసకబారి, పొరను తాకినట్టు కనిపిస్తుంది. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ సాధారణంగా అక్కర్లేదు. రిపోర్టులో గడ్డ మలద్వారానికి ఎన్ని సెంటీమీటర్ల పైన ఉంది, గోడ దాటి ఎంత బయటికి వచ్చింది, పొరకి దూరమెంత, రక్తనాళాల్లోకి పాకిందా, మలాన్ని ఆపే కింది కండరాన్ని తాకిందా, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథుల సంగతేమిటి, ఇవన్నీ ఉండాలి. “రెక్టమ్ గోడ మందంగా ఉంది” అని ఒక్క వాక్యంతో ముగిస్తే ఆ రిపోర్టుతో వైద్యం నిర్ణయించలేరు.

దీనితోపాటు ఛాతీ, పొట్ట సీటీ, రక్తంలో సీఈఏ (ఈ క్యాన్సర్‌లో పెరగగల ఒక ప్రొటీన్) పరీక్ష చేయిస్తారు. పెద్దపేగు చివరిదాకా కొలనోస్కోపీ జరిగిందో లేదో కూడా చూడండి, ఎందుకంటే కొందరిలో ఇంకోచోట రెండో గడ్డ ఉంటుంది. తీసిన ముక్క మీదే ఎంఎంఆర్ పరీక్ష అడగండి, కణాలు డీఎన్ఏలో తప్పులు సరిచేసుకునే వ్యవస్థలో లోపం ఉందేమో అది చూస్తుంది. రెక్టమ్ క్యాన్సర్లలో 100కి 5 నుంచి 10 మందిలోనే ఆ లోపం ఉంటుంది. కానీ అది ఉంటే దారే మారిపోతుంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్‌లో అలాంటి 12 మందికి డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఒక్కటే ఇస్తే అందరికీ గడ్డ కనబడకుండా పోయిందని 2022లో ప్రచురించారు. మందు చాలా ఖరీదు, నిజమే. పరీక్షే చేయకపోతే ఆ దారి ఉన్నట్టు కూడా తెలియదు.

ఇక మొలల సంగతి. మలద్వారం నుంచి 7, 8 సెంటీమీటర్ల దాకా వేలికి అందుతుంది, రెక్టమ్ మొత్తం పొడవు దాదాపు 15. అంటే గడ్డల్లో చాలావాటిని ఒక్క నిమిషం వేలి పరీక్షతో పట్టుకోవచ్చు. అది చేయకుండా మొలలని చీటీ రాయడం, బ్యాండు వేయడం, దారం కట్టడం ఘోరమైన తప్పు. మొలలు నిజంగానే ఉన్నా, వాటితోపాటు క్యాన్సర్ ఉండకూడదని రూలేమీ లేదు. రక్తంతో జిగురు పడటం, వెళ్లొచ్చినా ఇంకా ఉన్నట్టే అనిపించడం, కారణం తెలియని రక్తహీనత ఉంటే మొలలన్న మాటతో ఆగిపోకండి.

మీ ప్రశ్నకి వస్తే, గడ్డ గోడ దాటకుండా, గ్రంథులు బాగుంటే నేరుగా ఆపరేషన్ సరైనదే. గోడ దాటితే, గ్రంథులకు పాకితే, పొరకు దగ్గరైతే, మరీ కిందికి ఉంటే చాలావరకు కరెంటు ముందు. 5 రోజుల్లో 25 గ్రే (రేడియేషన్ కొలత) ఇవ్వడం ఒక పద్ధతి. 25 నుంచి 28 సిట్టింగుల్లో 45 నుంచి 50.4 గ్రే ఇస్తూ, ఆ రోజుల్లో కేపసిటబిన్ అనే కీమో మాత్రలు రెండు పూటలా భోజనమైన అరగంటలోపు వేయడం రెండోది. ఈమధ్య కీమోని కూడా ఆపరేషన్‌కి ముందుకే జరుపుతున్నారు, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత చాలామంది దాన్ని పూర్తి చేయలేరు. కొందరికి గడ్డ పూర్తిగా కరిగిపోతుంది. వాళ్లు కోయకుండా కనిపెట్టుకుని ఉండొచ్చని సావోపాలో సర్జన్ ఏంజెలీటా హబ్ర్-గామా బృందం 2004లో చూపించింది. అయితే మొదటి రెండేళ్లు సుమారు 3 నెలలకోసారి వేలి పరీక్ష, స్కోపీ, మధ్యమధ్యలో ఎమ్మారై తప్పవు. మళ్లీ పెరిగేవి ఎక్కువగా ఆ రెండేళ్లలోనే బయటపడతాయి, కాబట్టి తిరగలేనివాళ్లు ఈ దారి పట్టకూడదు.

సంచి పెడతామంటే, ఆపరేషన్‌కి ముందే ఆయన్ని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని పొట్ట మీద గుర్తు పెట్టమనండి. పంచె ముడి దగ్గరో, పొట్ట మడతలోనో వస్తే సంచి అతకదు, కారి చర్మం ఒరుసుకుపోతుంది. చిన్నపేగు సంచిలో రోజుకి లీటరున్నర దాటి పోతుంటే మంచినీళ్లు, కొబ్బరినీళ్లు ఎక్కువ పట్టకండి, వాటిలో సోడియం చాలక ఇంకా పోతుంది. ఓఆర్ఎస్ కలిపి పట్టి, అదే రోజు డాక్టరుకి చూపించి క్రియాటినిన్, సోడియం, పొటాషియం చేయించండి.