ఉక్క వదలని శరత్తు: ఒక యువ రచయితకు లేఖ

ప్రియమైన యువ రచయితకు,

మీ కథ అందింది, నిదానంగా చదివాను. వానలు వెనకబట్టి, చలి ఇంకా మొదలుకాని కొద్ది రోజుల్లో కథంతా నడిపారు. ఎండ లేదు, వాన లేదు, ఆకు కదలదు, ఆకాశమంతా ఒకే తీరు మబ్బు. శరత్తు అనగానే వెన్నెలా నిర్మలాకాశమూ వాటంతటవే కలంలోకి వచ్చేస్తాయి. వాటిని పక్కన పెట్టి ఈ చెమ్మ రోజులను ఎంచుకున్నందుకు నాకు నిజంగా సంతోషం కలిగింది. అయితే మూడో పేజీలో ఆ రోజులు చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోయాయి. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ పేజీ గురించే.

'ఆకాశం దిగులుగా ఉంది' అని మొదలుపెట్టి, ఆ దిగులును వెంటనే కథానాయిక మనసులోకి దింపారు. వాతావరణం పాత్ర మనసును చూపించడానికే ఉందన్నట్టు రాస్తే, పాఠకుడికి దిగులు అనే మాట అందుతుంది గాని ఆ మబ్బూ చెమ్మా ఒంటికి తగలవు. ఆ రోజులు వస్తువులనూ మనుషులనూ ఏం చేస్తున్నాయో ముందు రాయండి. దిగులు ఉంటే పాఠకుడే కనిపెడతాడు.

అలా రాయాలంటే ఆ రోజులు ఎలా ఏర్పడతాయో కొంతైనా తెలిసి ఉండాలి. నేల కంటే సముద్రం నెమ్మదిగా వేడెక్కి, నెమ్మదిగా చల్లారుతుంది. ఉత్తరార్ధగోళంలో పగలూ రాత్రీ సమానమయ్యే సెప్టెంబరు 22, 23 తేదీల నాటికి ఎండ పదును తగ్గినా, చాలా సముద్రాల్లో నీరు వేసవి వేడిని ఇంకా వదిలిపెట్టదు. దాని మీదుగా వచ్చే గాలి వెచ్చదనాన్నీ తేమనూ కలిపి మోసుకొస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 17 గ్రాముల నీటి ఆవిరి ఇముడుతుంది. 10 డిగ్రీల వద్ద 9 గ్రాములకు కాస్త పైన మాత్రమే. కాబట్టి అంత తేమ ఉన్న గాలి రాత్రి ఏ కొంచెం చల్లబడినా ఆవిరి నీరుగా మారడం మొదలవుతుంది, ఆ మార్పులో విడుదలయ్యే వేడికి పైనున్న మబ్బు నేలకు తిరిగి పంపే వేడి తోడై, రాత్రి అంతకంటే చల్లబడకుండా అడ్డుపడతాయి. తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ పెద్ద తేడా ఉండదు.

మీ కథకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. నాలుగో పేజీలో ఆమె సాయంత్రమైందనుకొని దీపం వేసి, గడియారం చూసి అలాగే నిలబడిపోతుంది. కథలో నాకు బాగా నచ్చిన చోటు అది. వెలుగులోనూ వేడిలోనూ తేడా చెరిగిపోయిన రోజులు మనిషికి గంటల లెక్క తప్పిస్తాయి, పైగా ఆ కాలంలో మధ్య అక్షాంశాల్లో పగలు రోజుకు సుమారు 3 నిమిషాల చొప్పున తరిగిపోతుంటుంది. 'దిగులు' అన్న మాట లేకుండానే ఆ సన్నివేశం అంతా చెప్పేసింది. కథను అక్కడి నుంచే మొదలుపెట్టే ఆలోచన చేయండి.

ఇక మంచు సంగతి. రాత్రంతా దట్టంగా మబ్బు పట్టి ఉందని రాసి, తెల్లవారేసరికి గడ్డి మీద మంచు ముత్యాల్లా మెరిసిందన్నారు. మంచు బాగా పట్టాలంటే ఆకాశం తేటగా ఉండాలి. గడ్డిపోచ తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడితేనే దాని మీద ఆవిరి నీరవుతుంది. విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు 1814లో మంచు గురించి ప్రచురించిన వ్యాసంలో ఈ సంగతిని ప్రయోగాలతో నిరూపించారు. మబ్బు పట్టిన రాత్రి ఆ చల్లబడడం సరిగా జరగదు. కాని అలాంటి ఉదయం వంగి చూస్తే గడ్డిపోచ సరిగ్గా కొనన ఒకే ఒక్క చుక్క నిలబడి ఉండవచ్చు. తడి నేల నుంచి వేర్లు నీటిని తోస్తుంటాయి, చెమ్మ గాలిలో ఆకు ఆ నీటిని ఆవిరిగా వదలలేదు, అందుకని అది కొన దగ్గరున్న సూక్ష్మరంధ్రాల గుండా బయటికి వస్తుంది. వృక్షశాస్త్రంలో దీన్ని బిందుస్రావం అంటారు. మంచు పోచ ఒళ్లంతా పరుచుకుంటుంది. ఈ చుక్క కొనను మాత్రమే పట్టుకొని వేలాడుతుంది, ఆరిపోయాక ఒక్కోసారి తెల్లటి మరక మిగులుతుంది, ఎందుకంటే అందులో మొక్క లోపలి లవణాలు ఉంటాయి. ముత్యాల పోలిక ఇప్పటికి ఎంతోమంది చేతుల్లో అరిగిపోయింది. కొనన నిలిచిన ఈ చుక్కను చూసి రాసినవాళ్లు తక్కువ.

'గాలి బరువెక్కింది' అన్న వాక్యాన్ని కూడా తీసేయమంటాను. ఒకే వేడి, ఒకే పీడనం ఉన్నప్పుడు తేమగాలి పొడిగాలి కంటే తేలిక. బరువు మన ఒంట్లో ఉంటుంది, చెమట ఆరదు కాబట్టి. మెట్లెక్కి వచ్చిన మనిషి మెడ వెనక తడి ఎంతసేపటికీ ఆరకపోవడాన్ని రాస్తే గాలి గురించి వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లోనూ చూడండి: తలుపు చట్రానికి బిగుసుకుంటుంది, ఉప్పు గడ్డకడుతుంది, కాగితం అంచులు లేస్తాయి, వెంట్రుక కొంచెం సాగుతుంది. ఆ సాగే గుణం మీద ఆధారపడే సోస్యూర్ అనే శాస్త్రజ్ఞుడు తేమను కొలిచే పరికరం తయారుచేసి, 1783లో దాని గురించి గ్రంథం వెలువరించారు. వీటన్నిటినీ కథలోకి ఎక్కించవద్దు. ఒక్క తలుపు చాలు, అది కూడా ఆమె తొందరలో ఉన్నప్పుడు.

ఆకులను ఎర్రగా రంగరించిన పేరా అనవసరం. ఆ ఎరుపు బాగా తేలాలంటే ఎండ కాసే పగళ్లు, గడ్డకట్టనంత చల్లని రాత్రులు కావాలి.

చివరగా, మీరు పెద్ద వానతో కథ ముగించారు. అన్ని రోజుల నిశ్చలతను ఒక్క వానతో కడిగేయడం సులువు, అందుకే నాకు అది నమ్మబుద్ధి కాలేదు. ఇలాంటి రోజులు చాలాసార్లు గాలి దిక్కు మారడంతోనే తీరిపోతాయి: పొడిగాలి వస్తుంది, మబ్బు విడిపోతుంది, ఆ రాత్రి ఆకాశం తేటపడుతుంది, మర్నాడు గడ్డి మీద నిజంగానే మంచు పడుతుంది. మీ మంచు వాక్యాన్ని ముత్యాలు తీసేసి అక్కడికి జరపండి. అప్పుడు ఆమె నిర్ణయానికి వాన సాయం అక్కరలేదని మీకే తెలుస్తుంది.

మార్చిన ప్రతిని తొందరపడకుండా పంపండి. తల్లీకూతుళ్ల సంభాషణల గురించి కూడా చెప్పవలసింది ఉంది, అది చదివాక రాస్తాను.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి