సర్వర్లు ఒక్క రాత్రిలో మార్చొచ్చు, డీఎన్‌ఎస్‌ను మాత్రం టెంపో ఎక్కించొద్దు

"తిరుపతి ఆఫీసులో ఉన్న ఆరు మేనేజ్‌మెంట్ సర్వర్లను శనివారం రాత్రి చెన్నై డేటా సెంటర్‌కు మార్చాలి. ఒక్క రాత్రిలో అవుతుందా? మంచి ప్యాకర్స్ ఎవరు?" అన్నది ప్రశ్న.

ప్యాకర్స్ సంగతి తర్వాత. ఆ ఆరింటిలో డీఎన్‌ఎస్ (మెషీన్ పేరుకు ఐపీ, అంటే నెట్‌వర్క్ చిరునామా చెప్పేది), యాక్టివ్ డైరెక్టరీ (అందరి లాగిన్లు చూసేది), ఎన్‌టీపీ (గడియారాలు సరిచేసేది) ఉన్నాయా? పుత్తూరు, నగరి మీదుగా పెట్టెలు చేర్చడం పెద్ద పనేం కాదు. అసలు తంటా రాక్‌లో పెట్టి స్విచ్ నొక్కాక ఉంటుంది.

రాత్రి రెండింటికి జరిగేది ఇదీ. ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్టులు, అంటే వర్చువల్ మెషీన్లను (సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లను) నడిపే సర్వర్లు లేస్తాయి. వర్చువల్ మెషీన్లుండే ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే) స్టోరేజీని పేరుతో మౌంట్ చేసుంటారు, అంటే తగిలించుంటారు. ఆ పేరుకు ఐపీ చెప్పాల్సిన డీఎన్‌ఎస్ ఆ స్టోరేజీలోనే పడుకుని ఉంటుంది. హోస్టులన్నిటినీ ఒకచోట నుంచి నడిపే వీసెంటర్‌లో చూద్దామంటే అదీ వర్చువల్ మెషీనే, అదీ అక్కడే. హోస్టులోకి నేరుగా పోదామంటే అందరికీ తెలిసింది డొమైన్ అకౌంటు, దాన్ని సరిచూసే డొమైన్ కంట్రోలర్ (యాక్టివ్ డైరెక్టరీ సర్వర్) ఇంకా లేవలేదు. హోస్టు సొంత రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ యాడుందప్పా అంటే, పాస్‌వర్డ్ మేనేజర్‌లో. అది ఏ మెషీన్‌లో ఉందో వేరే చెప్పాలా?

అందుకే రెండు వారాల ముందే కొత్త చోట ఒక చిన్న సర్వర్ పెట్టండి. దాని సొంత డిస్కు మీదే రెండో డొమైన్ కంట్రోలర్, డీఎన్‌ఎస్, ఎన్‌టీపీ లేపి, సైట్ల మధ్య వీపీఎన్ (సురక్షిత లింకు) వేసి రెప్లికేషన్ (ఒకదాని డేటా రెండోదానికి చేరడం) సరిగా ఉందో చూసుకోండి. స్టోరేజీని ఐపీతోనే మౌంట్ చేయండి. హోస్టులన్నింటిలో ఆ ఐపీ, ఫోల్డర్ పేరు పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి, లేకుంటే ఒకే స్టోరేజీ రెండుగా కనిపిస్తుంది. రూట్ పాస్‌వర్డ్లు కాగితం మీద రాసి కవర్లో పెట్టి ఒకరి జేబులో ఉంచండి. సెక్యూరిటీ వాళ్లు మొహం చిట్లిస్తారు, చిట్లించనీ.

డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ (హోస్టులన్నిటికీ కలిపి వీసెంటర్ నడిపే నెట్‌వర్క్ స్విచ్) వాడుతుంటే ఇంకో చిక్కు. వీసెంటర్ లేవకముందు స్టాటిక్ బైండింగ్ (పోర్టును వీసెంటరే ఇచ్చే) పోర్ట్‌గ్రూపులోకి కొత్తగా మెషీన్‌ను కలపలేరు. ఎఫెమెరల్ (వీసెంటర్ లేకున్నా హోస్టే పోర్టు ఇచ్చే) రకం పోర్ట్‌గ్రూపు ఒకటి ముందే తయారుగా ఉంచితే వీసెంటర్‌ను దానికి తగిలించి లేపొచ్చు. వీసెంటర్ ఐపీ మారినా పర్లేదు గానీ పేరు మార్చొద్దు. కొత్త ఐపీకి డీఎన్‌ఎస్‌లో ముందుకూ వెనక్కూ (పేరు నుంచి ఐపీకి, ఐపీ నుంచి పేరుకు) రికార్డులు రెండూ ఉండాలి.

పాత సర్వర్లలో గడియారాన్ని నిలిపే సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోయి ఉంటే కరెంటు తీయగానే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. అయిదు నిమిషాల తేడా దాటితే కెర్బెరాస్ (యాక్టివ్ డైరెక్టరీ లాగిన్ పద్ధతి) లాగిన్ ఇవ్వదు. ఎన్‌టీపీ ఉంది కదా అనుకోవద్దు: 1000 సెకన్లకు మించి తేడా ఉంటే, -g ఆప్షన్ లేకుండా నడిపే ఎన్‌టీపీడీ (ఎన్‌టీపీ ప్రోగ్రాము) సరిదిద్దకుండా ఆగిపోతుంది. బ్యాటరీలు ముందే మార్చేయండి, నలభై యాభై రూపాయల వస్తువు.

డీఎన్‌ఎస్ టీటీఎల్ (పాత జవాబును ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 86400 ఉంటే కనీసం ఒక రోజు ముందే 300కు దించాలి. అదే సాయంత్రం దించితే ప్రయోజనం లేదు. ఐలో, ఐడ్రాక్‌లకు (సర్వర్‌ను దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే పోర్టులకు) కొత్త ఐపీలు సర్వర్ ఆపేముందే ఇవ్వండి. ఇక ఎక్సెల్ షీట్లు! రాక్ నంబరు, సీరియల్ నంబరు, కొన్న తేదీ అన్నీ ఉంటాయి. ఏది దేనిమీద ఆధారపడి ఉందో ఒక్క గడిలోనూ ఉండదు. బయోమెట్రిక్ మెషీన్‌లో, ప్రింటర్లలో, సీసీటీవీ రికార్డరులో పాత డీఎన్‌ఎస్ ఐపీ చేత్తో కొట్టి ఉంటుంది. సోమవారం పొద్దున హాజరు పడలేదని హెచ్‌ఆర్ వాళ్లు వచ్చేదాకా అది ఎవరికీ గుర్తుకు రాదు.

తరలించే ముందు వారం, ఉన్నచోటే అన్నీ పూర్తిగా ఆపి మళ్లీ లేపండి. ఏళ్లుగా తిరిగిన డిస్కులు ఆగితే కొన్ని మళ్లీ తిరగవు. పోయేదేదో బ్యాకప్ సర్వర్ పక్కనే ఉన్నప్పుడు పోనీ. ఆ బ్యాకప్ సర్వర్‌ను అన్నిటికన్నా చివర కదపండి.

ఇక ప్యాకర్స్ అంటారా, సామాను జాగ్రత్తగా ఎత్తే ఎవరైనా చాలు. డిస్కులు ఊడదీసి సర్వర్ పేరు, స్లాట్ నంబరు రాసి విడిగా కారులో పంపండి. జంటగా పనిచేసే రెండు సర్వర్లను ఒకే బండిలో వేయొద్దు. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ పత్రం), దాంతో డెలివరీ చలాన్ కావాలి. పెరటాసి (సెప్టెంబర్-అక్టోబర్‌లో వచ్చే తమిళ నెల) శనివారాల్లో మాత్రం పెట్టుకోవద్దు, చెన్నై రోడ్డంతా తిరుమల కొండకొచ్చే బండ్లే.