ఆర్డుయినో కంటే ముందు వాటర్ ట్యాంకు బజర్ చేయండి

కామర్స్ చదివి ఉద్యోగం చేసుకుంటున్నాను, ఎలక్ట్రానిక్స్ సరదాగా నేర్చుకోవాలనుంది, లెక్కలంటే భయం, 37 సెన్సార్ల కిట్ కొనాలా, నేరుగా వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డుతో మొదలుపెట్టాలా అని అడిగారు. నేనైతే రెండూ ఇప్పుడే వద్దంటాను. ఇంట్లో నిజంగా అవసరమైన పని ఒకటి పట్టుకోండి. దాన్ని మొదట మైక్రోకంట్రోలర్ (ఆర్డుయినో, ఈఎస్‌పీ32 బోర్డుల్లో ఉండే, మనం రాసిన ప్రోగ్రామ్‌ని నడిపే చిప్) లేకుండా చేయండి, తర్వాత అదే పనిని మైక్రోకంట్రోలర్‌తో చేయండి. నేనూ కామర్సే చదివాను, ఈ దారిలోనే నేర్చుకున్నాను.

నాకు దొరికిన పని మా మేడ మీది వాటర్ ట్యాంకు. మోటరు వేసి మరిచిపోవడం, నీళ్లు పొర్లి గోడల వెంట కారడం, కింద వాటావాళ్లు పిలిచి చెప్పడం మీకూ తెలిసే ఉంటుంది. ట్యాంకు నిండగానే ఇంట్లో బజర్ మోగితే చాలు.

దీనికి చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి, కరెంటును అదుపులో ఉంచే 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, కరెంటు ఇస్తే తనంతట తానే మోగే రకం చిన్న బజర్, 9 వోల్టుల బ్యాటరీ, కాస్త వైరు కావాలి. హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీకి ఒకసారి స్వయంగా వెళ్లండి. విడిభాగాలను చేత్తో పట్టుకుని చూసి కొనడంలో ఉన్న ఆనందం ఆన్‌లైన్‌లో దొరకదు.

ట్రాన్సిస్టర్ చదునైన ముఖం మీవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరుసగా కలెక్టర్, బేస్, ఎమిటర్. ఎమిటర్ బ్యాటరీ మైనస్‌కి. బజర్ ప్లస్ బ్యాటరీ ప్లస్‌కి, బజర్ మైనస్ కలెక్టర్‌కి. బ్యాటరీ ప్లస్ నుంచి ఇంకో వైరు తీసి ట్యాంకులోకి వేలాడదీయండి. రెండో వైరు కొస ట్యాంకు నిండే మట్టం దగ్గర ఉండాలి, దాని ఇవతలి కొస రెసిస్టర్ ద్వారా బేస్‌కి. నీళ్లు రెండు కొసలనూ తాకగానే వాటిగుండా మిల్లీ ఆంపియర్‌లో కొంత భాగం మాత్రమే పారుతుంది. ఆ కొంచెం కరెంటును ట్రాన్సిస్టర్ కనీసం 110 రెట్లు చేయగలదు కాబట్టి బజర్ మోగుతుంది. ముందు గ్లాసు నీళ్లలో చూసుకోండి. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి గట్టిగా మోగుతుంది, ఆర్‌ఓ నీళ్లలో అంత మోగకపోవచ్చు. ఎందుకో ఆలోచించి, మల్టీమీటర్‌తో ఆ రెండు నీళ్ల రెసిస్టెన్స్ కొలిచి పోల్చండి. ఓమ్ సూత్రం నాకు నిజంగా అర్థమైంది అప్పుడే. ట్యాంకులో ముంచే కొసలకు రాగి వైరు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు పెడితే త్వరగా పాడవవు.

మల్టీమీటర్ అన్నాను కదా, బోర్డుకంటే ముందు కొనాల్సింది అదే. మామూలు చవక రకం సరిపోతుంది, కానీ రెండు చోట్ల మధ్య వైరు కలిసి ఉంటే బీప్ మోగే కంటిన్యుటీ సెట్టింగ్ ఉండాలి. కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో (టంకం లేకుండా విడిభాగాలను గుచ్చి కలిపే బోర్డులు) అంచున ఉండే పొడవాటి పవర్ లైన్లు మధ్యలో తెగి ఉంటాయి. కంటికి కనిపించదు, బీప్ పెడితే వెంటనే తెలుస్తుంది.

బజర్ మోగిన తర్వాత ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. ట్యాంకు సగమే ఉందని తెలిసేదెలా? మోటరు తిరుగుతున్నా నీటి మట్టం పెరగడం లేదంటే బోరు ఎండినట్టా? వీటికి కొలవడం, గుర్తుపెట్టుకోవడం, సమయం చూసుకోవడం కావాలి. ఒక్క ట్రాన్సిస్టర్‌తో ఆ పని కాదు. మైక్రోకంట్రోలర్ అవసరం ఇక్కడ మొదలవుతుంది.

అప్పుడు ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డు కొనండి. అందులోని ఏటీమెగా328పీ చిప్‌కి ప్రోగ్రామ్ ఉండే 32 కేబీ ఫ్లాష్ మెమరీ, 2 కేబీ ర్యామ్ మాత్రమే ఉన్నా ఈ పనికి అది ఎక్కువే. పైగా 5 వోల్టులతో పనిచేస్తుంది కాబట్టి ఎక్కువ మాడ్యూళ్లు నేరుగా కలుస్తాయి. ఒక్కో పిన్ నుంచి 20 మిల్లీ ఆంపియర్లు దాటకుండా చూసుకోండి. ఎర్ర ఎల్ఈడీకి 220 ఓమ్‌లు పెడితే దాదాపు 14 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. 5 వోల్టుల్లోంచి ఎల్ఈడీ తీసుకునే 2 పోగా మిగిలిన 3ని 220తో భాగించడమే. మీరు భయపడుతున్న లెక్కలు మొదట్లో ఇంతే ఉంటాయి.

చవక బోర్డుల్లో యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌తో కలిపే సీహెచ్340 అనే చిప్ ఉంటుంది, కొన్ని కంప్యూటర్లకు దాని డ్రైవర్ వేసుకోవాలి. పోర్టు అసలే కనిపించకపోతే కేబుల్ మార్చి చూడండి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఉంటాయి.

మట్టం కొలవడానికి హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సార్ చాలు. ధ్వని వెళ్లి తిరిగి రావడానికి పట్టిన మైక్రోసెకన్లను 58తో భాగిస్తే సెంటీమీటర్లు వస్తాయి. దీన్ని బకెట్ మీద నేర్చుకోండి. ట్యాంకులో ఆవిరి పట్టి పాడవుతుంది కాబట్టి అక్కడికి జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ అనే వాటర్‌ప్రూఫ్ రకం వాడండి. అది 20-25 సెంటీమీటర్లకంటే దగ్గరి దూరాన్ని సరిగా కొలవదు, అందుకే నిండు మట్టానికి అంతకంటే ఎత్తులో బిగించాలి. ప్రోగ్రామ్‌లో వేచి ఉండడానికి డిలే (ప్రోగ్రామ్‌ని అంతసేపు ఆపేసే ఆదేశం) బదులు మిల్లిస్ (బోర్డు మొదలై ఎంతసేపైందో చెప్పే ఆదేశం) వాడే అలవాటు మొదటి నుంచీ చేసుకోండి. డిలే నడుస్తున్నంతసేపూ మీ ప్రోగ్రామ్ బటన్‌ని కూడా చూడదు.

ఫోన్‌లో మట్టం చూడాలనిపించినప్పుడు ఈఎస్‌పీ32 తెచ్చుకోండి. దాని పిన్‌లు 3.3 వోల్టులకే, హెచ్‌సీ-ఎస్‌ఆర్04లో కొలత బయటికి ఇచ్చే ఎకో పిన్ మాత్రం 5 వోల్టులు ఇస్తుంది. మధ్యలో 1, 2 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించే డివైడర్ పెట్టకుండా కలపొద్దు.

మోటరును మీ బోర్డుతోనే ఆన్, ఆఫ్ చేయాలని తప్పకుండా అనిపిస్తుంది. 230 వోల్టులను బ్రెడ్‌బోర్డు దగ్గరికి రానివ్వకండి. చిన్న రిలే (బోర్డు నడిపే స్విచ్) మీద 10 ఆంపియర్లు అని రాసి ఉన్నా, మోటరు స్టార్టయ్యే క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. రిలేతో కాంటాక్టర్ (పెద్ద కరెంటును తట్టుకునే రిలే లాంటి స్విచ్) కాయిల్‌ని నడిపి, మోటరును కాంటాక్టర్‌తో నడపాలి. ఆ వైరింగ్ ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మా ఇంట్లో నేనూ అలాగే చేయించాను.

ఏమీ కొనకముందే ఈ రాత్రి మొదలుపెట్టాలంటే టింకర్‌క్యాడ్, వోక్వీ అనే వెబ్‌సైట్లలో ఉచితంగా సిమ్యులేషన్ చేసుకోవచ్చు. బజర్ కట్టాక మోగకపోతే సర్క్యూట్ ఫొటోతో పాటు బ్యాటరీ, బేస్, కలెక్టర్ దగ్గర మీటర్ ఎన్ని వోల్టులు చూపిస్తోందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.