కొత్త వేజ్ బోర్డు ధీమాతో 40 లక్షల అప్పు చేయవచ్చా?

గోదావరిఖని నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: 46 ఏళ్ల మా అన్నయ్య సింగరేణిలో పర్మినెంటు కార్మికుడు, కోతలు పోను నెలకు 62 వేలు వస్తాయి. అదే గనిలో నేను కాంట్రాక్టు కార్మికుణ్ని. నాకు వచ్చేది 15 వేలు. కొత్త వేజ్ బోర్డుతో జీతాలు పెరుగుతాయి కాబట్టి ఇద్దరం కలిసి 40 లక్షల గృహరుణం తీసుకోవచ్చా?

జవాబు: మీరిద్దరూ ఒకే గేటులోంచి పనికి వెళ్తున్నా, కార్మిక సంఘాలు సాధించేది మీ ఇద్దరికీ ఒకే తీరున చేరదు. అన్నగారి జీతం జాతీయ బొగ్గు వేతన ఒప్పందంతో ముడిపడినది; మీరు వేజ్ బోర్డు అంటున్నది దాన్నే. 11వ ఒప్పందంలో సంఘాలు 19 శాతం కనీస పెరుగుదల సాధించాయి. మీ కూలి ఆ ఒప్పందం పరిధిలో లేదు. కోల్ ఇండియాలో మాదిరిగా, కాంట్రాక్టు గని కార్మికులకు హైపవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలు కావాలని సింగరేణి కాంట్రాక్టు కార్మికులు 2022 సెప్టెంబరులో సమ్మెకే దిగవలసి వచ్చింది. 2024 దసరాకు ముందు ప్రకటించిన లాభాల వాటాలో పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షలు రాగా, కాంట్రాక్టు కార్మికుడికి, అదీ మొట్టమొదటిసారిగా, 5 వేలు దక్కాయి.

మీరు పర్మినెంటు అవుతారన్న ఆశను కూడా లెక్కలో కలపకండి. 1990లలో లక్షకు పైగా ఉన్న పర్మినెంటు కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలకు తగ్గారు. ఓపెన్‌కాస్టులు (పైనుంచి తవ్వే గనులు), యంత్రాలు, ప్రైవేటుకు అప్పగించిన, బొగ్గుపై మట్టి తీసే పనులు ఇందుకు ముఖ్య కారణాలు. సంఘాలు జీతాలు పెంచడం వల్లే ఉద్యోగాలు పోయాయనడం నాకు సబబుగా తోచదు. అయితే జీతానికీ కాంట్రాక్టు కూలికీ తేడా పెరిగేకొద్దీ యాజమాన్యం కాంట్రాక్టు వైపే మొగ్గుతుందన్నది కాదనలేం.

ఇక వేజ్ బోర్డు సంగతి. 11వ ఒప్పందం 2021 జూలై 1 నుంచి వర్తించినా, సంతకాలు 2023 మేలో గానీ పడలేదు. దాని గడువు 2026 జూన్ 30. తర్వాతి ఒప్పందం కూడా అంతే ఆలస్యమైతే, మధ్యలోని కిస్తీలు పాత జీతంతోనే కట్టాలి.

అన్నగారు 61 ఏళ్లకు రిటైరవుతారు కనుక గడువు 15 ఏళ్లు దాటకూడదు. 8.5 శాతం వడ్డీకి 40 లక్షలపై కిస్తీ సుమారు 39,400, అంటే ఆయన జీతంలో దాదాపు 64 శాతం. 25 లక్షలకైతే 24,600. నా ఉద్దేశంలో అదే మీ హద్దు. ఆ 62 వేలలో ప్లేడేల (సెలవు రోజు పని) డబ్బు ఎంత ఉందో, ఒక నెలలో మస్టర్లు (హాజరు రోజులు) తగ్గితే చేతికి ఎంత వస్తుందో పే స్లిప్పులు ముందు పెట్టుకుని చూసి, ఆ హద్దును అవసరమైతే ఇంకా తగ్గించండి. మీ 15 వేలను కిస్తీకి కాక, ఆరు నెలల ఇంటి ఖర్చు కూడేదాకా రికరింగ్ డిపాజిట్‌లో వీలైనంత వేయండి. కొత్త ఒప్పందం బకాయిలు వచ్చిన రోజున వాటిని అప్పు అసలుకు జమచేసి, ఆ ఏడాది ఆదాయపు పన్ను రిటర్ను కంటే ముందే బకాయి జీతంపై పన్ను ఉపశమనం కోరే ఫారం దాఖలు చేయమని అన్నగారికి గుర్తు చేయండి.