ఇంటెల్ 1,530 కోట్ల డాలర్లు పోసి మొబైల్‌ఐని ఎందుకు కొన్నది? అంత ధర సబబేనా?

కెమెరా చూసినదాన్ని బట్టి కారుకి బ్రేక్ వేయించే చిప్పులు, సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ మొబైల్‌ఐ. దానికి ఆ ధర మరీ ఎక్కువని నేననుకోను. కొన్నాక దాంతో ఏం చేసుకోవాలో ఇంటెల్‌కు తెలియలేదు, అసలు తంటా అక్కడొచ్చింది.

నేను కార్ల కెమెరా సిస్టమ్స్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. ముందు అద్దం వెనక ఉండే కెమెరా రోడ్డు మీద తీసిన వీడియోని ల్యాబ్‌లో బెంచ్ మీద మళ్లీ మళ్లీ నడిపించి, బ్రేక్ పడాల్సిన చోటే పడుతోందా లేదా అని చూస్తాం. ఫ్లైఓవర్ నీడ అడ్డంగా పడిందని ఖాళీ రోడ్డు మీద బ్రేక్ కొట్టేసిన క్లిప్పులు బోలెడు చూశాను. సరే అని బ్రేక్ కొట్టే ఆ తొందరని కాస్త తగ్గిస్తే, టార్పాలిన్ కప్పుకుని వెనక లైటు లేకుండా ఆగిన లారీని వదిలేస్తుంది. ఇక పాత క్లిప్పులన్నీ మొదటి నుంచి నడపాల్సిందే. ఇంత తతంగం అయ్యాక ఒక మోడల్‌కి చిప్ ఖరారైతే, ఆ మోడల్ అమ్ముడయ్యేన్నాళ్లూ దాని జోలికి వెళ్లడానికి ఎవరూ సాహసించరు.

ఇంటెల్ కొన్నది కార్లలో మొబైల్‌ఐ చిప్పులకున్న అలాంటి కదలని స్థానాన్ని. హీబ్రూ యూనివర్సిటీ ప్రొఫెసర్ అమ్నోన్ షాషువా, జివ్ అవిరామ్ కలిసి 1999లో జెరూసలేంలో పెట్టిన కంపెనీ అది. 2016లో ఆదాయం 35.8 కోట్ల డాలర్లు. అంటే దానికి నలభై రెట్లకు పైనే ఇచ్చారు. ఫోన్ల మార్కెట్ చేజారిన ఇంటెల్‌కి కార్లూ పోతాయేమోనన్న భయం. కార్ల చిప్పుల్లోకి అప్పటికే ఎన్‌విడియా దిగింది. కార్ల చిప్పుల్లో పెద్దదైన ఎన్‌ఎక్స్‌పీని కొంటామని ఫోన్ చిప్పుల కంపెనీ క్వాల్‌కామ్ 2016లో ప్రకటించింది (చైనా అనుమతి రాక 2018లో ఆ బేరం తప్పిపోయిందనుకోండి). 2017 మార్చిలో ఇంటెల్ షేరుకు 63.54 డాలర్లు ఇస్తానంది, మార్కెట్ ధర కన్నా సుమారు 34 శాతం ఎక్కువ.

ఆ తర్వాతే నాకు విడ్డూరంగా అనిపించేది. చిప్పుల ఫ్యాక్టరీలున్న కంపెనీ కొన్నా, మొబైల్‌ఐ ఐక్యూ చిప్పులు ఎప్పటిలాగే ఎస్‌టీమైక్రో అనే మరో చిప్ కంపెనీతో కలిసే తయారయ్యాయి. ఐక్యూ5ని చేసింది తైవాన్ చిప్ తయారీ కంపెనీ టీఎస్‌ఎంసీ. ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చుకుని వేరు కాపురం పెట్టించినట్టయింది!

మొబైల్‌ఐ మాత్రం బాగానే పెరిగింది, 2021లో ఆదాయం సుమారు 139 కోట్ల డాలర్లు. అయితే ఆ డబ్బు డ్రైవర్‌కి తోడుండే సిస్టమ్స్‌ది, డ్రైవర్ లేని కార్లది కాదు. డ్రైవర్ లేని కారుకి బీఎండబ్ల్యూతో కలిసి పెట్టుకున్న 2021 గడువు అలాగే దాటిపోయింది.

2022 అక్టోబరులో ఐపీఓకి (మార్కెట్లో షేర్ల అమ్మకానికి) వెళ్లినప్పుడు 5,000 కోట్ల డాలర్ల విలువ పలుకుతుందన్న కంపెనీకి దాదాపు 1,700 కోట్లే పలికింది. అంటే అయిదేళ్ల తర్వాత కూడా కొన్న ధరకి కాస్త పైన. 2024లో మొబైల్‌ఐ తన లెక్కల్లోంచి సుమారు 270 కోట్ల డాలర్ల గుడ్‌విల్ (కంపెనీని కొన్నప్పుడు ఆస్తుల విలువకి మించి ఇచ్చిన ధర) కొట్టేసింది. చైనా మార్కెట్లో స్థానిక కంపెనీల పోటీ కూడా పెరిగిపోయింది. ఇంటెల్ 2023లో కొంత వాటా అమ్మింది, 2025 జులైలో మరికొంత. అప్పటికి ఇంటెల్‌కి కార్ల కన్నా నగదు అవసరమే ఎక్కువైంది.