మీ నాన్నచేతనే చేయించు: పక్షవాతం తరువాతి వ్యాయామం గురించి మేనకోడలికి లేఖ

తిరుపతి

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బావ ఆసుపత్రి నుంచి చిత్తూరు ఇంటికి చేరి మూడు వారాలైందనీ, కుడి కాలిలో కొంత బలం వచ్చినా కుడి చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదనీ, మాట తడబడుతోందనీ, నడిపించే యంత్రాలున్న పెద్ద కేంద్రానికి బెంగళూరుకో చెన్నైకో తీసుకుపొమ్మని బంధువులు ఒత్తిడి చేస్తున్నారనీ రాశావు. ఫిజియోథెరపిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. యంత్రాల కోసం అప్పు చేయవద్దు. అలాగని ఖర్చు తగ్గుతుందనుకుని ఇంటికి వస్తున్న ఫిజియోథెరపిస్టును మాన్పించనూ వద్దు.

నడుముకు పట్టీలు కట్టి, ఒంటి బరువు కొంత మోస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిపించే పద్ధతిని అమెరికాలో 408 మంది పక్షవాత రోగుల మీద పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. అలా నడిచినవారికీ, ఇంట్లోనే ఫిజియోథెరపిస్టు దగ్గరుండి బలమూ నిలకడా పెంచే వ్యాయామాలు చేయించినవారికీ ఏడాది తిరిగేసరికి నడకలో చెప్పుకోదగిన తేడా లేకపోయింది. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిగి 2017లో వెలువడిన మరో పరిశోధనలో, కొందరు రోగులకు ఇంటివారికి తర్ఫీదు ఇచ్చి వారిచేతనే వ్యాయామాలు చేయించారు, మిగిలినవారికి మామూలు చికిత్స మాత్రమే అందించారు. ఆరు నెలల తరువాత చూస్తే, మరణించినవారూ ఇతరుల మీద ఆధారపడి బతుకుతున్నవారూ కలిపి రెండు వర్గాల్లోనూ 47 శాతమే ఉన్నారు. ఇంటివారి శ్రమ వృథా అని దీని అర్థం కాదు. ఏ వ్యాయామం ఎప్పుడు, ఎంత పెంచాలో నిర్ణయించే చూపు తెలిసినవారిదై ఉండాలని నేను అర్థం చేసుకున్నాను.

ఇంటివారి వల్ల అయ్యే పని ఒకటుంది, అది అక్కయ్యకు కష్టంగా తోస్తుంది. బావ చేయగలిగిన పనిని ఆయనకు మారుగా చేయకుండా ఉండటమే ఆ పని. మెదడులో చచ్చిపోయిన కణాలు తిరిగి రావు. మిగిలిన భాగాలు ఆ పనిని నేర్చుకోవాలి, అది మనిషి తానుగా ప్రయత్నించి పదే పదే చేసినప్పుడే జరుగుతుంది. వేరొకరు పట్టుకుని చెయ్యి ఆడిస్తే కీలు బిగుసుకోకుండా ఉంటుంది, నూనె మర్దన చేస్తే హాయిగా ఉంటుంది. రెండూ మంచివే గానీ రెండింటినీ వ్యాయామంగా లెక్కపెట్టకూడదు.

అన్నింటికన్నా ముందు కుర్చీలోంచి లేచి నిలబడే అభ్యాసం మీద శ్రద్ధ పెట్టు. మరుగుదొడ్డికి పోవాలన్నా, మంచం దిగాలన్నా, గడప దాటాలన్నా మొదట కావలసింది అదే. జారిపోయే ప్లాస్టిక్ కుర్చీ, కుంగిపోయే సోఫా పనికిరావు; చేతులున్న గట్టి చెక్క కుర్చీని గోడకు ఆనించి, మొదట్లో సీటు మీద దళసరి దిండు వేసి ఎత్తు పెంచు. బావ కుర్చీ అంచుకు జరిగి, పాదాలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి ఉంచి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంతగా ముందుకు వంగి, అప్పుడు లేవాలి. వంగకుండా నిటారుగా లేవబోయేవారే వెనక్కి కూలబడతారు. ఆయన తెలియకుండానే బరువంతా ఎడమ కాలి మీద వేస్తాడు గనుక కుడి కాలి మీద కూడా వేయమని ప్రతిసారీ గుర్తుచేయాలి. దిగేటప్పుడు దబ్బున పడకుండా మెల్లగా కూర్చోవడం కూడా వ్యాయామంలో సగం. సులువైన కొద్దీ దిండు తీసి ఎత్తు తగ్గించాలి, ఆ తరువాత ఎడమ పాదాన్ని కొంచెం ముందుకు జరిపితే కుడి కాలికి పని పెరుగుతుంది. ఒకేసారి అలసిపోయేదాకా చేయించేకంటే కాఫీకి ముందు, స్నానానికి ముందు, భోజనానికి ముందు అని రోజంతా పరచడం మేలు. నువ్వు ఆయన కుడివైపున నిలబడి నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టు మీద చెయ్యి ఉంచు. చంకల్లో చేతులు పెట్టి ఎత్తవద్దు, కుడి చెయ్యి పట్టుకుని లాగనే వద్దు.

ఆ భుజం గురించి ఇంకొంచెం చెప్పాలి. చుట్టూ కండరాలు పట్టు తప్పినప్పుడు చేతి బరువుకే భుజం కీలు కిందికి జారుతుంది, పైనుంచి ఎవరైనా లాగితే నెలల తరబడి వదలని నొప్పి పట్టుకుంటుంది, నొప్పి వచ్చిన చేతితో ఎవరూ అభ్యాసం చేయరు. కూర్చున్నప్పుడు మోచెయ్యి దిండు మీదో బల్ల మీదో ఆనించి ఉంచండి. తలుపుకు కప్పీ తగిలించి తాడుతో చెయ్యి పైకి లాగించే అలవాటు మన ఊళ్లలో ఉంది, దాన్ని మాన్పించు. రబ్బరు బంతి పిసకడం కూడా నాకు అంతగా నచ్చదు, ఎందుకంటే ఈ జబ్బులో వేళ్లు ముడుచుకోవడం ఎలాగూ వస్తుంది, రానిది తెరుచుకోవడం. వేళ్లు కొంచెం కదలడం మొదలైతే పళ్లెంలో శెనక్కాయలు పోసి ఒక్కొక్కటి తీసి గిన్నెలో వదలమను; పట్టుకోవడం కంటే వదలడమే ఆయనకు కష్టమని నువ్వే చూస్తావు. రాగి సంగటి రోజున ముద్ద తానే తుంచుకోనివ్వాలి, ఒంటి మీద పడినా సరే. మంచి చేతికి తొడుగు వేసి బలహీనమైన చేతినే వాడించే పద్ధతి ఉంది గానీ, మణికట్టూ వేళ్లూ కొంతైనా సొంతంగా వెనక్కి లేచేవారికే అది పనికివస్తుంది. ఆ నిర్ణయం ఫిజియోథెరపిస్టుకు వదిలేయి.

నడిచేటప్పుడు కర్ర ఎడమ చేతిలో ఉండాలి. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. హవాయి చెప్పులు తీసేసి మడమకు పట్టీ ఉన్నవి కొను. కుడి పాదం ముందుభాగం నేలకు రాసుకుంటూ ఉంటే చీలమండను నిలబెట్టే పట్టీ అవసరమవుతుంది. అటువంటి సాధనాల కోసం తిరుపతిలో దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రిలో చూపించవచ్చు. అలిపిరి మెట్ల దారిన తిరుమల ఎక్కుతానని మొక్కుకున్నాడని రాశావు. 3,550 మెట్ల మాట ఇప్పుడు ఎత్తవద్దు, కాదని కొట్టిపారేయనూ వద్దు. మీ ఇంటి ముందు మెట్టు రోజూ ఎక్కి దిగడాన్నే ఆ మొక్కుకు మొదలుగా చూపించు. బావ అటువంటి మాటకు లొంగే మనిషి.

బలంతోపాటు గుండె దమ్ము కూడా పెరగాలి. డాక్టరు ఒప్పుకున్నాక వారంలో కనీసం మూడు రోజులు, మొదట ఐదేసి పదేసి నిమిషాల విడతలుగా, క్రమంగా మొత్తం 20 నిమిషాలకు చేరేలా నడిపించాలి. మామూలుగా నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరైనదంటాము, కానీ మాటే తడబడే మనిషికి ఆ కొలత పనికిరాదు. ఆయన ఊపిరినీ ముఖాన్నీ చూస్తూ ఉండు, ఆపమనడానికి ఎడమ చేతితో ఒక సైగ ముందే అనుకోండి. మొదలుపెట్టే ముందు రక్తపోటు చూడాలి. షుగరుకు మందో ఇన్సులినో వాడుతుంటే ఖాళీ కడుపుతో చేయించకూడదు. మన ఎండలకు పొద్దున్నే ముగించడం మంచిది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఆగినా తగ్గని ఆయాసం కనిపిస్తే ఆ రోజుకు వ్యాయామం ఆపి డాక్టరుతో మాట్లాడు.

విరూపాక్షపురం నాటుమందుకు తీసుకుపోదామని అక్కయ్య అంటోందట. ఆమె నమ్మకాన్ని నేను తప్పుపట్టను. అయితే పథ్యం పేరుతో రక్తపోటు మాత్రలూ రక్తం పలచబరిచే మాత్రలూ ఆపితే రెండోసారి పక్షవాతం రావచ్చు. ఆ మాట ఆమెకు నువ్వు కాదు, డాక్టరుచేతనే చెప్పించు.

మొదటి మూడు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది, ఆరు నెలల తరువాత నెమ్మదిస్తుంది. కానీ ఆగిపోదు, కాబట్టి ఎవరో గడువు చెప్పారని మానవద్దు. కొన్ని రోజులు లేవనని మొండికేస్తాడు. అది ప్రతిసారీ బద్ధకమే కానక్కరలేదు, ఈ జబ్బు తెచ్చే అలసట కావచ్చు. రెండు వారాలు దాటి దిగులుగా, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే దానికీ మందులున్నాయి, అడగడానికి సంకోచించవద్దు.

మళ్లీ మూతి వంకర పోయినా, చెయ్యి వాలినా, మాట ఉన్నట్టుండి ముద్దైపోయినా తగ్గుతుందేమోనని చూడకుండా 108కి ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ తగినవారికి సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇస్తారు గనుక, లక్షణం మొదలైన సమయం అక్కడ మొదట అడుగుతారు.

వచ్చే ఆదివారం నేను చిత్తూరు వస్తున్నాను. ఆ పూటకే ఫిజియోథెరపిస్టును కూడా రమ్మని అడుగు, కుర్చీ ఎత్తూ బావ మోకాలి ఎత్తూ కొలిచి ఉంచు.

ఇట్లు,
మీ మామ